వయసు మళ్ళినవారికి వినోదం హక్కా, వ్యర్థమా?

‘కాటికి కాళ్ళు చాచుకున్న వయసులో ఆటపాటలేమిటి?’ ఈ మాట మన సమాజంలో ఎంత మామూలైపోయిందంటే, అందులోని కాఠిన్యం మన చెవికి తగలనే తగలదు. ముస్లిం ఇళ్ళలో దీనికే మరో రూపం ఉంది. ‘వయసైపోయింది కదా, తస్బీహ్ పట్టుకుని ఓ మూల కూర్చోరాదూ!’ పైకి ఇది ధర్మోపదేశంలా వినిపిస్తుంది. చాలాసార్లు దాని అసలు అర్థం మాత్రం ‘మా జోలికి రావద్దు’ అనే. కనుక ఈ ప్రశ్నను సూటిగానే వేసుకుందాం. పనిచేసే వయసు దాటినవారు నవ్వుతూ, ఆడుతూ, కబుర్లాడుకుంటూ గడిపే సమయం వృథాయేనా? లేక అది మనం వారికి చెల్లించవలసిన హక్కా?

అభ్యంతరం తేలిగ్గా కొట్టిపారేయదగింది కాదు. మనిషి తన ఆయుష్షును దేనిలో గడిపాడో ప్రళయదినాన లెక్క చెప్పవలసి ఉంటుందని హదీసు హెచ్చరిస్తోంది. మిగిలిన రోజులను ఆరాధనలో గడపాలనుకోవడం మంచి కోరికే. అయితే ఆ కోరిక ఆ పెద్దాయన మనసులో పుట్టాలి. కొడుకో కోడలో ఆయన నెత్తిన పెట్టే శిక్ష కారాదు. పైగా ధర్మం మనిషిలోని ఈ రెండో పార్శ్వాన్ని కాదనలేదు. హజ్రత్ హన్‌జలా (రజి) అనే సహచరుడు తాను దైవప్రవక్త (స) సన్నిధిలో ఉన్నప్పుడు స్వర్గనరకాలు కళ్ళకు కట్టినట్టుంటాయని, ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల మధ్య పడగానే అదంతా మరుగున పడుతోందని, తాను కపటినైపోయానేమోనని తల్లడిల్లారు. దైవప్రవక్త (స) ఆయన్ని మందలించలేదు. మనసుకు ఒక ఘడియ అలా, మరో ఘడియ ఇలా ఉండటం సహజమేనని ఊరడించారు. సహీహ్ ముస్లింలో ఉన్న ఈ సంఘటన పడుచువారికే వర్తిస్తుందని ఎవరూ చెప్పలేదు.

దైవప్రవక్త (స) స్వయంగా హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం పెట్టుకున్నారని అబూదావూద్‌లో ఉంది. మొదట ఆమె గెలిచారు. కొంతకాలం తర్వాత ఆయన గెలిచి, పాత ఓటమికి ఇది చెల్లు అని చమత్కరించారు. మదీనా కాలం అది. ఆయన వయసు అప్పటికి 50 దాటింది. ఒక వృద్ధురాలితో ఆయన చేసిన హాస్యం కూడా ప్రసిద్ధమే. ముసలివారెవరూ స్వర్గంలోకి వెళ్ళరని అన్నప్పుడు ఆమె ఏడుస్తూ వెళ్ళిపోతుంటే, వెళ్ళేటప్పటికి ఆమె ముసలిగా ఉండదని, యౌవనం తిరిగి వస్తుందని కబురు చేశారు. మన ఇళ్ళలో ముసలివారి మీద హాస్యాలు బోలెడు. వారితో కలిసి నవ్వే హాస్యం ఎంత ఉంది?

అనంతపురం ప్రాంతాన్నే తీసుకోండి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకం లేని వాన. వేరుశనగ ఎండినప్పుడల్లా కదిరి, కళ్యాణదుర్గం, ఉరవకొండ వైపు పల్లెల నుండి పడుచువారు బెంగుళూరు బస్సెక్కుతారు. (2022లో జిల్లా రెండుగా విడిపోయి కదిరి, పెనుకొండ, హిందూపురం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి గాని, కరువుకు సరిహద్దు రాళ్ళు లేవు.) ఇంటి దగ్గర మిగిలేది అవ్వాతాతలు. 2024 జూలై నుండి నెలకు 4,000 రూపాయలకు పెరిగిన పింఛను గడప దాకా వస్తోంది. అది గొప్ప ఆసరా, కాదనలేం. కాని ఆ నెలంతటిలో తన గడప ముందు నిలబడి పేరుపెట్టి పిలిచే మనిషి ఆ పింఛను తెచ్చే ఉద్యోగి ఒక్కరే అయితే, ఆ అవ్వ ఒకటో తేదీ కోసం ఎదురుచూసేది డబ్బు కోసమేనా? ఒంటరితనం ఏటా 8 లక్షల 71 వేలకు పైగా మరణాలతో ముడిపడి ఉందని 2025లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. రచ్చకట్ట మీద పదిమంది పెద్దలు కూర్చునే ఊళ్ళో ఈ మాట చెబితే నవ్వేవారు. ఆ రచ్చకట్టలే ఇప్పుడు బోసిపోయాయి.

ఇక వృద్ధాశ్రమాల సంగతి. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన కేంద్ర చట్టం ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా ఆశ్రమాలు నెలకొల్పవచ్చని 19వ సెక్షనులో చెప్పింది. చాలామంది గమనించని విషయం ఏమిటంటే, అదే సెక్షను ఆ ఆశ్రమాల్లో వైద్యంతోపాటు వినోద సాధనాలను కూడా అవసరమైన సేవగా లెక్కించింది. చట్టం చేసినవారికి తట్టిన విషయం కన్నబిడ్డలకు తట్టకపోవడం విచారకరం. అయితే వినోద సాధనం అనగానే గోడకు ఓ టి.వి. తగిలించి, పొద్దున ఆన్ చేసి రాత్రి కట్టేస్తే సరిపోతుందా? దాని ముందు వరుసగా కుర్చీల్లో కూర్చున్న పెద్దలను చూడండి. సగంమంది నిద్రలో ఉంటారు. అక్కడ ఎవరూ వారిని ఏదీ అడగరు, వారు దేనినీ ఎంచుకోరు, వారు లేకపోతే ఆగేదేమీ లేదు. వినోదానికి, కాలక్షేపానికి ఉన్న తేడా ఇక్కడే ఉంది. ‘నువ్వు రాకపోతే ఆట సాగదు’ అని పిలిపించుకోవడంలో ఉన్న ఆనందం తెర చూడటంలో రాదు.

ఈ ప్రాంతపు పెద్దలకు బాగా తెలిసిన ఆట పులిజూదం. పేరులో ‘జూదం’ ఉండబట్టి కొందరు ముస్లిం పెద్దలు దానికి దూరంగా ఉంటారు. పేరును చూసి కాదు, పనిని చూసి తీర్పు చెప్పాలి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకల మీదుగా దూకి తినాలి, మేకలు కూడి పులిని కట్టెయ్యాలి. పందెం లేదు, పాచిక లేదు, ఉన్నదంతా ఆలోచనే. డబ్బు పెట్టి ఆడే పేకాట ఏ వయసులోనైనా నిషిద్ధమే. పాచికల ఆటను వారించే హదీసులున్నాయి కనుక గవ్వలు వేసి ఆడే అష్టాచెమ్మా, పచ్చీసుల విషయం ఉలమాను అడిగి తెలుసుకోవాలి. చదరంగం విషయంలో వారి మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఏ ఆటైనా నమాజు వేళను మింగకూడదు. ఈ హద్దులు తెలిశాక మిగిలిన విశాలమైన మైదానాన్ని కూడా మూసేసి ధర్మనిష్ఠ అనుకోవడం మాత్రం సరికాదు.

ఆడవారి వినోదం చాలావరకు పనిలోనే దాగి ఉండేది. విత్తనానికి చెనక్కాయలు ఒలిచే రోజుల్లో నలుగురు అవ్వలు చుట్టూ కూర్చుంటే, చేతులు కాయల మీద, నోళ్ళు కథల మీద ఉండేవి. దక్కనీ పహేలీలు, తెలుగు పొడుపు కథలు, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో ఆ వృత్తాంతాలు అక్కడే మనవరాళ్ళకు చేరేవి. ఆశ్రమంలో అలాంటి పని ఇవ్వడం మంచిదే, అయితే అదెక్కడ వెట్టి అవుతుందో చూసుకోవాలి. ఆమె ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి వెళ్ళిపోగలదా? ఒలిచిన గింజల్లో కొన్ని తనకు నచ్చినవారికి ఇచ్చుకోగలదా? ఈ రెండూ లేనిచోట దాన్ని వినోదమని పిలవకూడదు.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మల గురించి మన దృక్పథం వేరు కావచ్చు. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, జీవితమంతా పట్టిన విద్యను వయసు మళ్ళాక కూడా చేతిలో ఉంచుకోగల మనిషికి కాలక్షేపం ఎవరూ ఏర్పాటు చేయనక్కరలేదు. దూది ఏకిన చెయ్యి, చీర నేసిన చెయ్యి, గొర్రెల జబ్బు కనిపెట్టిన చెయ్యి ప్రతి ఆశ్రమంలోనూ ఉంటాయి. అడిగేవారే ఉండరు.

మొక్కల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే నాటమన్న బోధన ముస్నద్ అహ్మద్‌లో ఉంది. పండు తినేదాకా బ్రతకనని తెలిసిన వృద్ధుడికి ఇంతకంటే గౌరవమిచ్చే పని ఏముంది? అనంతపురంలో నీళ్ళెక్కడివి అంటారా? వేప, సీతాఫలం ఈ నేలను ఎరిగిన చెట్లు. కరివేపాకు, పుదీనాలకు వుజూ చేసిన నీళ్ళు మళ్ళిస్తే చాలు. రేపు ఆకు ఎంత వచ్చిందో చూడాలన్న ఆశ మనిషిని పొద్దున్నే మంచం మీద నుండి లేపుతుంది.

ఒక ప్రమాదం కూడా ఉంది. ఆశ్రమంలో ఆటలు, పాటలు, తోట అన్నీ ఉన్నాయని విని, బిడ్డలు తమ రాకను మానుకోవచ్చు. బనీ ఇస్రాయీల్ సూరాలోని 23వ ఆయతు తల్లిదండ్రులు వార్ధక్యానికి చేరడాన్ని ‘నీ దగ్గర’ అనే మాటతో కలిపి చెప్పింది. విసుగును వ్యక్తం చేసే చిన్న పలుకును సైతం వారించింది. అలాగని ఆశ్రమంలో చేర్చిన ప్రతి బిడ్డా పాపి కాదు. బెంగుళూరులో పదిమందితో ఒకే గదిలో ఉండే మేస్త్రీ మంచాన పడిన తల్లిని ఎక్కడ ఉంచుకుంటాడు? అతడు ఆదివారం ఫోను చేసి అరగంట మాట్లాడితే అదీ సేవే. స్తోమత ఉండి, నెలనెలా డబ్బు కట్టి ముఖం చూపనివాడి లెక్క వేరు.

ఆశ్రమాల్లో అన్ని మతాలవారూ ఉంటారు. ఒకరికి ఖుర్ఆన్ పారాయణం, మరొకరికి భజన హాయినిస్తుంది. అందరినీ ఒకే కార్యక్రమానికి కూర్చోబెట్టడం ఎవరికీ మంచిది కాదు. ఏదీ వద్దని కిటికీ దగ్గర కూర్చునే మనిషిని కూడా అలా కూర్చోనివ్వాలి. రేపు మళ్ళీ ఒకసారి పిలవాలి, అంతే.

వీటికి పెద్ద ఖర్చేమీ లేదు. బండమీద గీతలకు ఓ సుద్దముక్క, పెద్ద అక్షరాల ఖుర్ఆన్ ప్రతి ఒకటి, నేల మీద కూర్చోలేనివారికి మోకాలెత్తు బల్ల. చూపు తగ్గినవారు పులిజూదం ఆడాలంటే పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు పెట్టండి. వేళ్ళతో తడిమి ఏది ఏదో చెప్పగలరు.