పారే నీటికి శిలాఫలకం

ధవళేశ్వరం గోదావరి డెల్టాకి తలదగ్గరి ఊరు. రాజమండ్రికి కాస్త దిగువన, నది పాయలుగా విడిపోబోయే చోట, తూర్పు గట్టు మీద ఉంటుంది. కొండ మీద జనార్దనస్వామి గుడి, కింద తూర్పు డెల్టా కాలవ మొదలయ్యే హెడ్ స్లూయిజు, పక్కన లాకులు, ఇరిగేషన్ వారి పాత కట్టడాలు, కాటన్ మ్యూజియం, బ్యారేజీ దగ్గర గుర్రమెక్కిన కాటన్ విగ్రహం. ఈ ఊరికి చరిత్ర అంటే ఇవే. ఊళ్లో చారిత్రక చిహ్నాలకి కొదవ లేదు. ఆ చిహ్నాలు దేన్ని చూపిస్తున్నాయన్నదే తేలని విషయం.

శిలాఫలకం సాధారణంగా జరిగిపోయిన దాని మీద నిలుస్తుంది. ఇక్కడ ఫలానా యుద్ధం జరిగింది, ఇక్కడ ఫలానా మహానుభావుడు పుట్టాడు అని అది చెబుతుంది. భూతకాల క్రియ లేనిదే ఫలకం లేదు. ధవళేశ్వరంలో అదే కుదరదు. 1852లో పూర్తయిందని చెప్పుకునే ఆనకట్ట పని ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ఏటా నీళ్లు వదులుతారు, ఏటా కట్టేస్తారు, ఏటా ఏదో ఒకటి బాగుచేస్తారు. ముగియని పనికి ముగిసిన తేదీ వేసి రాయి పాతితే, ఆ రాయి నిజం చెబుతున్నట్టా?

ఆనకట్ట పుట్టుక అందరికీ తెలిసిన కథే. అందులో తక్కువగా చెప్పుకునే భాగం, దానికి డబ్బు ఎందుకొచ్చిందన్నది. నందన నామ సంవత్సరపు కరువు తర్వాత జిల్లా చితికిపోయింది, ఈస్టిండియా కంపెనీకి రావలసిన శిస్తు పడిపోయింది. కారణం విచారించడానికి వచ్చిన హెన్రీ మాంట్‌గోమరీ 1844లో ఇచ్చిన నివేదికలో ఒక ఇంజనీరును వేయమన్నాడు. ఆ ఇంజనీరు ఆర్థర్ కాటన్. పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా, మధ్యలో లంకలను ఆసరా చేసుకుని కట్టారు. రాయి ధవళేశ్వరం కొండదే. దాన్ని మోయడానికి పట్టాలు పరిచారు. బొంబాయి నుంచి థానేకి 1853లో నడిచిన రైలు దేశంలో మొదటిదని బడిలో చెబుతారు గానీ, అది ప్రయాణికుల రైళ్లలో మొదటిది. రాళ్లు మోసిన పట్టాలు అంతకు ముందే ఈ ఊళ్లో ఉన్నాయి. పనిలో సుమారు పదివేలమంది కూలీలు, వారు గాక వడ్రంగులు, కమ్మర్లు. కాటన్‌కి కుడిభుజంగా నిలిచి ఈ జనాన్ని సమకూర్చి నడిపించినవాడు వీణెం వీరన్న. ఆయనకి రాయబహదూర్ బిరుదు వచ్చింది, డెల్టా జ్ఞాపకంలో చోటు కూడా దక్కింది. మిగిలిన పదివేలకి పేర్లు లేవు.

కాటన్‌ని భగీరథుడితో పోల్చడం గోదావరి జిల్లాల్లో ఎంత పాతుకుపోయిందంటే, అది స్నాన సంకల్పంలోకి కూడా ఎక్కింది. కృతజ్ఞతలో తప్పులేదు, పోలికలోనే లోపం ఉంది. భగీరథుడు దించిన గంగకి తర్వాత ఎవరూ ఏమీ చెయ్యనక్కర్లేదు. గంగ దిగాక గేట్లకి గ్రీజు రాసేవాడు, పూడిక తీసేవాడు, రాత్రి గట్టు మీద లాంతరు పట్టుకు తిరిగే లస్కరు ఆ కథకి అవసరం లేదు. పురాణంలో పని ఒక్కసారి జరుగుతుంది, ఒక్కడి పేరున జరుగుతుంది. శిలాఫలకం కూడా అదే అచ్చులో పోసింది. కాటన్‌ని భగీరథుడిగా చూసే కళ్లకి ఫలకం సరిపోతుంది, కాలవకి మాత్రం సరిపోదు.

ఆనకట్టకి ఆ తర్వాత జరిగింది చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. 1860లలో దాని ఎత్తు పెంచారు. ఆ శతాబ్దం చివరికి పైన తలుపులు బిగించారు. 1936లో ఆ తలుపుల ఎత్తూ పెంచారు. చివరికి పాత ఆనకట్ట చాలదని తేలాక 1970లో కొత్త బ్యారేజీ మొదలుపెట్టి 1982లో ముగించారు. ధవళేశ్వరం వైపు 70 గేట్లు, ర్యాలి వైపు 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175. దానికి సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ అని పేరు పెట్టారు. కాటన్ కట్టింది బ్యారేజీ కాదు, బ్యారేజీని కట్టింది కాటన్ కాదు. పేరు మాత్రం అతికింది, ఎవరికీ అభ్యంతరం లేదు.

2022లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగుపారుదల సంఘం దీన్ని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాలో చేర్చింది. ఆ జాబితాకి కట్టడం వయసు నూరేళ్లకి తగ్గకూడదు. గేట్లున్న బ్యారేజీకి అప్పటికి నలభయ్యేళ్లు. నూరేళ్లు దాటిన ఆనకట్ట చేసే పనిని ఇప్పుడు గేట్లు చేస్తున్నాయి. గుర్తింపు దేనికి దక్కినట్టు? రాతికా, ఉక్కుకా? నీటిని ఆ చోట నిలిపి రెండు పక్కలకీ మళ్లించాలన్న ఆలోచనకి దక్కిందని సమాధానం చెప్పవచ్చు. నాలుగు భాగాల పథకం మారలేదు, పేర్లు కూడా మారలేదు. ఈ సమాధానం కొంతదూరం నడుస్తుంది. అయితే ఆలోచనే వారసత్వమైతే దాన్ని మోసే రాళ్లనీ సున్నాన్నీ కాపాడమని అడగడానికి ఇక ఆధారం ఉండదు. డెల్టా ఆధునికీకరణలో చాలాచోట్ల కాలవలకి కాంక్రీటు లైనింగు పడింది. నీరు వృథా కాకూడదన్న కారణానికి ఎదురు చెప్పడం కష్టం. గానుగ సున్నంతో కట్టిన పాత తూము కాంక్రీటు వెనక్కి వెళ్లిపోయిందని బాధపడేవాడు, చివరి భూములకి నీరందని రైతు ముందు ఆ మాట అనలేడు. పనిచేసే కట్టడాన్ని కాపాడే దారి దాన్ని మార్చడమే. మార్చిన ప్రతిసారీ అందులో పాతది కొంత పోతుంది.

ఇక్కడి నుంచి ఒక అసౌకర్యమైన తీర్మానం దగ్గర్లోనే ఉంది: పనికిరాకుండా పోయినదే వారసత్వంగా మిగులుతుంది. లాకులు దీనికి సాక్ష్యంలా కనిపిస్తాయి. కాటన్ దృష్టిలో కాలవ అంటే సాగునీటికి ఎంతో పడవకీ అంతే. కాకినాడ వైపు నుంచి బయలుదేరిన పడవ ధవళేశ్వరం మీదుగా గోదావరి దాటి, ఏలూరు కాలవలో బెజవాడ చేరి, కొమ్మమూరు కాలవ పట్టుకుని, పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలవలో దిగి మద్రాసు వెళ్లగలిగేది. ఎత్తుపల్లాలున్న చోట లాకు తలుపులు మూసి నీటిమట్టం సరిచేసి పడవని దాటించేవారు. 1890లలో రైలు వచ్చింది, తర్వాత రోడ్లు, లారీలు వచ్చాయి. పడవలు తగ్గి తగ్గి ఆగిపోయాయి. ఇప్పుడు లాకులు అన్నది చాలా ఊళ్లలో రిక్షావాడికో ఆటోవాడికో చెప్పే గుర్తు. పడవలు ఆగిపోయాయి గనక అక్కడ ఫలకం పెట్టవచ్చు, భూతకాలం నిస్సంకోచంగా వాడవచ్చు.

కానీ లాకుల దగ్గరికి వెళ్లి చూస్తే ఆ తీర్మానమూ నిలవదు. పనిలేని లాకుకి మరమ్మతు ఎస్టిమేటు రాదు. తలుపులు తుప్పు పడతాయి, గోడల్లో రావి మొక్కలు మొలుస్తాయి, చుట్టూ గుర్రపు డెక్క పేరుకుంటుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం నూరేళ్లుంటే ప్రాచీనం అనిపించుకునే అర్హత వస్తుంది గానీ, రక్షణ రావాలంటే ప్రభుత్వం విడిగా ప్రకటించాలి. పనిచేసేది మార్పు వల్ల పోతోంది, పనిచెయ్యనిది అలక్ష్యం వల్ల పోతోంది. రెండిట్లో ఏది మేలో తేల్చడం కష్టం. మార్చడానికైనా ఎవరో ఒకరు వచ్చి దాన్ని చూస్తున్నారన్న ఒక్క తేడా మాత్రం ఉంది.

కోనసీమలో పి.గన్నవరం ఈ చిక్కుని మరోలా పరిష్కరించుకుంది. వైనతేయ పాయ మీదుగా కాలవనే వంతెన ఎక్కించి అవతలి లంకకి నీళ్లిచ్చిన అక్విడక్టుని ఆనకట్ట కాలంలోనే లెఫ్టినెంట్ హేగ్ కట్టించాడు. దానికి 49 కమానులు. పక్కనే కొత్త అక్విడక్టు కట్టి దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1909లో చనిపోయిన సీతమ్మ లంకలగన్నవరంలో వచ్చినవారికి వచ్చినట్టు అన్నం పెట్టిన ఇల్లాలు. ఆమెకీ ఇంజనీరింగుకీ సంబంధం లేదు. కట్టినవాడి పేరు కాకుండా ఆ నీటితో పండిన గింజని వడ్డించినామె పేరు పెట్టడంలో, ధవళేశ్వరం విగ్రహానికి లేని ఒక తెలివి ఉంది. నిర్మాణం జరిగిన రోజుని కాక, నిర్మాణం ఎందుకన్నదాన్ని ఆ పేరు గుర్తుచేస్తుంది.

జనం నిజంగా పట్టించుకునే చారిత్రక చిహ్నం ధవళేశ్వరంలో ఇంకొకటి ఉంది, దాని మీద ఎవరి పేరూ లేదు. అది నీటిమట్టం చూపే గేజి. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. శ్రావణ భాద్రపదాల్లో ఈ అంకెలు డెల్టా అంతటా నోటికి వస్తాయి. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు దిగినప్పటి వరద తర్వాతి ప్రతి వరదకీ కొలబద్ద అయింది. 2022 జూలైలో మూడో హెచ్చరిక దాటినప్పుడు లంకల్లో పెద్దవాళ్లు ముందు అడిగింది ఎనభయ్యారంత వస్తుందా అనే. ఫలకం ఒక్క తేదీ దగ్గర ఆగిపోతుంది, గేజి మీద మాత్రం ప్రతి ఏడూ ముందటేడాది పక్కన నిలబడుతుంది. వారసత్వం అన్న మాట దీనికి ఎవరూ వాడరు. వాడకపోవడమే మంచిదేమో, వాడితే చుట్టూ కంచె వేస్తారు.

గేజి నీటి సంగతి చెబుతుంది, మనుషుల సంగతి చెప్పదు. మనుషులు కనిపించేది కాలవలు కట్టేసిన వేసవిలో. నీరు లేని ఆ కొన్ని వారాల్లో ఆనకట్ట నాటి కట్టుబడి బయటపడుతుంది. పూడిక తీస్తారు, తూముల తలుపులు మారుస్తారు, గట్లకి గండి పడే చోట్లు పూడుస్తారు. చేసిన పని కొలతలు ఎం.బుక్కులోకి ఎక్కుతాయి, రోజుకూలీల పేర్లు మస్టరు రోల్లోకి ఎక్కుతాయి. శిలాఫలకం మీద ఎన్నడూ చోటు దొరకని పేర్లు చేరేది ఈ ఒక్క కాగితంలోనే. ఆనకట్ట నాటి పదివేలమంది పేర్లు లేవని విచారించేవారు ఎక్కువే, మొన్న వేసవిలో పూడిక తీసినవారి పేర్లు ఎక్కడున్నాయని అడిగేవారే ఉండరు.

ఆంధ్ర కచేరీల్లో పరిష్కారమైన ఫైలుకి వర్గం నిర్ణయించే పాత పద్ధతి ఒకటుంది. ఆర్.డిస్. అయితే శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్. పదేళ్లు, కె.డిస్. మూడేళ్లు, ఎల్.డిస్. ఏడాది. ఏది చరిత్ర, ఏది చెత్త అన్న తీర్పు ఊరూరా ప్రతి రోజూ జరిగేది ఈ అక్షరాలతోనే, పురావస్తు శాఖ దాకా వెళ్లదు. మస్టరు రోళ్లు శాశ్వతమైన వాటిలో చేరవు. ఆడిట్ అయి గడువు తీరితే పోతాయి. ధవళేశ్వరం ఇరిగేషన్ సర్కిల్లో ఏటా వేసవిలో జరిగే పనుల మస్టర్లని ఆర్.డిస్.లోకి మార్చమని ఒక ఉత్తర్వు వస్తే, కాలవ చరిత్ర దానంతట అదే సంవత్సరం వెంట సంవత్సరం పోగవుతుంది. అందుకు శిల్పి, విరాళాలు, ఆవిష్కరణ సభ అక్కర్లేదు. ఫైలు అట్ట మీద ఒక అక్షరం మార్చే గుమాస్తా కావాలి, చెదలు పట్టని బీరువా ఒకటి కావాలి.