అధికారపీఠము – శరణధర్మము





విశాఖపట్టణపు రేవునకు ఒక పెద్ద నౌక వచ్చుచున్నదనుకొనుడు. అందు వేలకొలది టన్నుల సరకున్నది. అనేక సముద్రములు దాటి వచ్చిన నౌకాధిపతి ఉన్నాడు. ఆయన మాటకు ఆ నౌకలో ఎదురు లేదు. అయినను అంతటి నౌక రేవు వెలుపల నిలిచి ఒక చిన్న పడవ కొఱకు వేచియుండును. ఆ పడవలో రేవు పైలట్ వచ్చి, తాడునిచ్చెన పట్టుకొని పైకెక్కును. కొండ ప్రక్కగా లోపలి రేవునకు పోవు జలమార్గము ఇఱుకైనది. దాని లోతు, మలుపు, ఆటుపోటులు పైలట్‌కు తెలిసినట్లు నౌకాధిపతికి తెలియవు. కావున నౌకను ఎటు త్రిప్పవలెనో పైలట్ చెప్పును, నౌకాధిపతి వినును. విన్నంతమాత్రమున ఆయన అధికారము పోదు. నౌక బాధ్యత ఆయనదే. వినకున్నచో మాత్రము నౌకకే ముప్పు.

ఈ రేవు 1933లో ప్రారంభమైనది. నాటి నౌకలకును నేటి నౌకలకును ఎంతయో భేదమున్నది గాని, తెలిసినవాని మాట వినవలెనను ధర్మము మాఱలేదు. శరణులు మనకు బోధించినదియు ఈ ధర్మమునే.

అధికారము వేఱు, ప్రభావము వేఱు. అధికారము ఉత్తరువు కాగితముతో వచ్చి, పదవీ విరమణనాటి పూలదండతో పోవును. ప్రభావము అట్లు కాదు. అది చేతి పనివలన, నడవడివలన మెల్లగా కలుగును. కుర్చీ పోయినను నిలిచియుండును. రేవులోను, కర్మాగారములోను, కార్యాలయములోను, పాఠశాలలోను ఈ రెంటిని ఒకటిగా భ్రమించుటవలననే పెక్కు కలతలు పుట్టుచున్నవి. పైనున్నవాడు ‘నేను చెప్పితిని గావున అదియే సరి’ అనుకొనును. క్రిందనున్నవాడు ‘నాకెందుకు వచ్చిన గొడవ’ యని నోరు మూసికొనును. మొదటిది అహంకారము, రెండవది ఆ అహంకారమునకు చేయు ఊడిగము.

బసవేశ్వరుడు అధికారమన నెట్టిదో ఎఱుగని విరాగి కాడు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమునందు బిజ్జలుని భాండాగారము ఆయన అధీనమున నుండెను. రాజధనమును జంగములకు పంచిపెట్టుచున్నాడని గిట్టనివారు రాజునకు కొండెములు చెప్పిరి. రాజు లెక్క చూపుమనెను. ధనమును లెక్కింపగా ఒక్క మాడయైనను తఱుగలేదని పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెలుగువారికి వినిపించిన కథ. మనము దీనిని మహిమగా కొనియాడుదుము, అది తగినదే. కాని అందు మఱియొక పాఠమున్నది. ‘నన్నే లెక్క యడుగుదువా?’ యని బసవన్న కినియలేదు. పెట్టెలు తెఱచి చూపెను. లెక్క యడిగినంతనే కోపము తెచ్చుకొను ఉద్యోగి భండారి కాడు. తానే యజమానినని భ్రమపడినవాడు. అధికారము మనకు అప్పగింపబడిన సొమ్మే గాని మన సొమ్ము కాదు.

అనుభవ మంటపమును నెలకొల్పినవాడు బసవన్న. రాజ్యమున ఆయనకు గొప్ప పదవి యుండెను. శరణులందఱకు ఆయనయందు ప్రాణసమానమైన ప్రేమ యుండెను. శూన్యసింహాసనముపై ఆయనయే కూర్చుండినచో కాదనువారెవరు? అయినను ఆ పీఠమును అల్లమప్రభువున కిచ్చెను. అల్లమప్రభువు మద్దెల వాయించిన కళాకారుడని సంప్రదాయము. ఆ సభలో చాకలి మాచయ్యయు, పడవ నడపు అంబిగర చౌడయ్యయు, త్రాళ్లు పేనిన నులియ చందయ్యయు, అక్కమహాదేవియు నిర్భయముగా మాటలాడిరి. రాజభండారి వారి మాట వినెను. పీఠము నెక్కుట పెద్దఱికము కాదు. తగినవానిని కూర్చుండబెట్టి, తాను వినుటయే పెద్దఱికము.

ఆయ్దక్కి మారయ్య కథ మన ఇండ్లలో అందఱకు తెలిసినదే. నేల రాలిన బియ్యపు గింజలేఱి తెచ్చి దాసోహము జరుపుట ఆయన కాయకము. ఒకనాడు అవసరమునకు మించి బియ్యము తెచ్చెను. ఆయన భార్య లక్కమ్మ దానిని చూచి, ఎక్కువైనదానిని తిరిగి అక్కడనే పోసి రమ్మనెను. మారయ్య అట్లే చేసెను. లక్కమ్మకు ఏ పదవియు లేదు. అయినను ఆమె చెప్పిన మాట ధర్మము గనుక చెల్లినది. చెప్పగలిగిన లక్కమ్మ యెంత గొప్పదో, చెప్పనిచ్చి విన్న మారయ్యయు అంత గొప్పవాడు.

నేడు విశాఖ ఉక్కు కర్మాగారము వంటి తావులలో ఈ పాఠము ప్రాణములతో ముడిపడియున్నది. కరగిన లోహము మనుష్యుని హోదా చూచి ప్రక్కకు తొలగదు. 2012 జూన్ 13వ తేదీన ఆ కర్మాగారమున జరిగిన ప్రేలుడులో అధికారులును కార్మికులును ప్రాణములు కోల్పోయిరి. అగ్నికి పైవాడు, క్రిందివాడు అను భేదము లేదు. అట్టి తావులలో నిన్ననే చేరిన సహాయకుడు ‘అయ్యా, కొంచెము ఆగుడు, ఇక్కడ ఏదో తేడాగా నున్నది’ యని అనగలుగవలెను. అతడన్నది తప్పైనచో పోవునది కొన్ని నిమిషముల పని. అతడు భయపడి ఊరకున్నచో పోవునది ఒకరి ఇంటి దీపము.

అందఱును మాటలాడినచో పని సాగుటెట్లని కొందఱు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పడవకు చుక్కాని ఒక్కటియే యుండవలెను. ఆజ్ఞ ఇచ్చువాడును, పాటించువాడును లేనిదే ఏ కార్యమును నెఱవేఱదు. శరణధర్మము క్రమశిక్షణకు విరోధి కాదు. విధేయత వేఱు, మౌనము వేఱు. తెలిసినది తెలిసినట్లు చెప్పి, పిమ్మట నిర్ణయమును పాటించువాడే నిజమైన విధేయుడు. తప్పని తెలిసియు తల యూచువాడు యజమానికి మేలు చేయువాడు కాడు. అతనిని గోతిలోనికి నడిపించువాడు.

ఈ కర్మాగారమే ఎట్లు వచ్చినదో తలచుకొనుడు. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని ఉద్యమము చెలరేగినది. వీథులలోనికి వచ్చిన విద్యార్థులకు, సామాన్యులకు ఏ అధికారమును లేదు. ఎందఱో ప్రాణము లర్పించిరి. శాసనసభ్యులు పలువురు పదవులను వదలుకొనిరి. 1971లో శంకుస్థాపన జరిగినది. 1992లో కర్మాగారము జాతికి అంకితమైనది. పట్టుకొనిన పదవులకంటె వదలిన పదవులకు ఒక్కొక్కప్పుడు బలమెక్కువ. హరళయ్య, మధువరసుల కుటుంబముల వివాహము కారణముగా కల్యాణమున కల్లోలము రేగినపుడు బసవన్నయు పదవిని విడిచి కూడలసంగమమునకు వెడలెను. ధర్మమును విడిచి పదవిని కాపాడుకొనలేదు. అందువలననే బిజ్జలుని సింహాసనము చరిత్రలో ఒక పుటగా మిగిలినది. బసవన్న మాట ఇంటింట నిలిచినది.

కావున శరణులారా! అధికారమున నున్నవారు దినమునకు ఒక్కసారియైనను తమకంటె చిన్నవానిని ‘నీ కేమి తోచుచున్నది?’ యని అడుగుడు. విన్నపిమ్మట అతనిపై కక్ష పూనకుడు. క్రింద పనిచేయువారు వినయము విడువకుండ సత్యము పలుకుడు. సంఘములకు నాయకులైనవారు తమ లెక్కలను తామే ముందుగా చూపుడు.

ఉదయమున ఇష్టలింగ పూజ చేయునపుడు అధికారి అఱచేతిలో నున్నదియు, సహాయకుని అఱచేతిలో నున్నదియు ఒకే లింగము. కర్మాగారపు ద్వారము దాటినంతనే ఆ సంగతి మఱచినచో ఉదయపు పూజ ఫలమేమి? సాయంకాలము ఇంటికి మరలునపుడు ‘ఈ దినము నా పీఠమునకు భయపడి ఎవడైనను సత్యమును దాచెనా?’ యని తన్ను తాను ప్రశ్నించుకొనువాడే బసవన్న బాటలో నడచువాడు.