యంత్రము పలికిన మాటకు బాధ్యులెవ్వరు?

తక్కెడ తప్పు తూచిన దోషము తక్కెడది కాదు, దానిని పట్టినవానిది. ఈ న్యాయమును చిల్లర వర్తకుడు మొదలు పెద్ద సాహుకారు వరకు ఎల్లరు నంగీకరింతురు. అయితే తక్కెడయే మాటలాడ నేర్చి, కొనవచ్చినవానికి స్వయముగా బదులు చెప్పినచో, ఆ మాటకు బాధ్యులెవ్వరు? నేటి కాలమున ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు.

2022 నవంబరులో చాట్‌జీపీటీ లోకమునకు అందుబాటులోనికి వచ్చిన నాటి నుండి కృత్రిమ మేధ పరిశోధనశాలలు దాటి అంగడి వీథికి వచ్చినది. కిరాణా కొట్టు, దర్జీ దుకాణము, అచ్చుకూటము నడుపుకొనువారికి సయితము ఉత్తరములు వ్రాయుటకు, సరకుల పట్టికలను పరభాషలలోనికి మార్చుటకు, లెక్కలలోని తేడాలు వెదకుటకు ఇది ఉపకరించును. గుమాస్తాను పెట్టుకొను శక్తి లేనివానికి గొప్ప ఆసరా యనుటలో సందేహము లేదు. కాని దీని స్వభావమును తెలిసికొనవలెను. ఇది సత్యము నెరిగి పలుకునది కాదు. మున్ను నేర్చిన అపారమైన వ్రాతలను బట్టి, ఏ మాట వెనుక ఏ మాట రాదగునో లెక్కించి వాక్యమును కూర్చును. కావున నిజమును, అబద్ధమును ఒకే ధీమాతో చెప్పగలదు.

2023 అక్టోబరులో న్యూయార్కు నగరపాలకులు చిన్న వ్యాపారులకు సహాయము చేయు నుద్దేశముతో ఇట్టి మాటలాడు యంత్రము నొకదానిని ఏర్పాటు చేసిరి. 2024 మార్చిలో పత్రికా విలేఖరులు దానిని పరీక్షించిరి. పనివారికి అతిథులిచ్చిన బహుమానపు సొమ్ములో యజమాని వాటా తీసికొనవచ్చుననియు, దుకాణదారుడు నగదును నిరాకరింపవచ్చుననియు అది సమాధానములిచ్చెను. రెండును అచ్చటి చట్టమునకు విరుద్ధములు. సమాధానములు తప్పు కావచ్చునను హెచ్చరిక అచ్చటనే వ్రాసియుండెను. అయినను ఆ మాట నమ్మి నడచిన యజమాని దోషి యగును, పనివాడు తన సొమ్ము కోల్పోవును. సహాయము చేయబూనినవారు మాత్రము హెచ్చరిక చాటున నిలుతురు.

కెనడాలో 2024 ఫిబ్రవరిలో వెలువడిన తీర్పొకటి ఇచ్చట స్మరింపదగినది. బంధువు మరణించిన సందర్భమున ప్రయాణించువారికి ఇచ్చు రాయితీని గూర్చి ఎయిర్ కెనడా విమాన సంస్థ వారి యంత్రము ఒక ప్రయాణికునికి తప్పుడు మాట చెప్పినది. తన మాటలకు ఆ యంత్రమే బాధ్యత వహించునని సంస్థ వాదించినది. న్యాయమండలి ఆ వాదమును త్రోసిపుచ్చి, సుమారు 812 కెనడా డాలర్లు చెల్లింపుమని ఆజ్ఞాపించినది. యంత్రమును నిలిపినవాడే దాని మాటను మోయవలెనని దీని భావము.

అట్లయిన చిన్న వర్తకుడు ఈ యంత్రమును ముట్టరాదా? అది న్యాయము కాదు. పెద్ద సంస్థలకు న్యాయవాదులు, ఇంజనీర్లు గలరు. వారు తప్పు చేసినను జరిమానా కట్టి సాగిపోగలరు. బీదవానిని మాత్రము సాధనమునకు దూరముగా నుంచిన, ఉన్నవాడు మరింత పెరుగును, లేనివాడు మరింత క్రుంగును. దోషము వాడుటలో లేదు, విచారణ లేక వాడుటలో కలదు.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరమున శరణులు కాయకమునకిచ్చిన అర్థము ఇచ్చట దారి చూపును. నులియ చందయ్య త్రాళ్లు పేనెను, మడివాలు మాచయ్య బట్టలు ఉతికెను, అంబిగర చౌడయ్య పడవ నడపెను. ఏ పనియు హీనము కాలేదు, ఏ పనిముట్టును నిషిద్ధము కాలేదు. పడవ లేనిదే ఏరు దాటుట కష్టము. అయినను ఎక్కినవారిని ఒడ్డు చేర్చు భారము పడవది కాదు, నడపువానిది. శ్రమను యంత్రమునకు పంచి యీయవచ్చును. సత్యసంధతను పంచి యీయరాదు.

దీనినుండి ఆచరణకు కొన్ని నియమములు లభించును. తాను సరిచూడగల పనిని మాత్రమే యజమాని యంత్రమునకు అప్పగింపవలెను. ఉత్తరపు చిత్తుప్రతిని చదివి దిద్దుకొనవచ్చును, మొత్తమును తిరిగి కూడి చూచుకొనవచ్చును. కూలి నిర్ణయము, గిరాకీకిచ్చు మాట, పన్నుల లెక్క, చట్టపు సందేహము తెలిసిన మనుష్యుని అడుగక నిశ్చయింపరాదు. అరువు పద్దులో నున్న పేర్లు, ఫోను నంబర్లు నమ్మకముతో ఇచ్చినవి. వాని నడుగక పరుల యంత్రములలో పోయుట నమ్మకద్రోహము. మన దేశమున 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము చేయబడుట ఈ ధర్మమునకు అనుగుణమే.

సహాయము చేయువారికి ఇంతకంటె గురుతరమైన నియమము కలదు. చదువుకొన్న యువకులు గాని, వర్తక సంఘములు గాని, మఠములు గాని చిన్న వర్తకునికి ఈ విద్య నేర్పబూనినచో, యంత్రమును చేతికిచ్చి మరలిపోరాదు. ప్రక్కన కూర్చుండి మొదటి కొన్ని సమాధానములను అతనితో కూడ సరిచూడవలెను. తప్పు ఎట్లు వచ్చునో కన్నులార చూపవలెను. తరువాత సందేహము కలిగిన అడుగుటకు ఒక మనిషిని నిలుపవలెను. అన్నము పెట్టినవాడు, తిన్నవానికి అది హితమయ్యెనా యని విచారించును గదా! దాసోహమను మాటకు దానము మాత్రమే అర్థము కాదు. ఇచ్చిన తరువాత కలుగు ఫలితమును గూడ తనదిగా భావించుట దానిలోని సారము.

ఇంత చేసినను ఏనాడో ఒక తప్పు దొర్లును. అప్పుడు గుమ్మమున నిలిచిన గిరాకీతో యజమాని యంత్రము పేరు చెప్పరాదు. ముందు అతని నష్టమును తీర్చవలెను. యంత్రము నమ్మినవారితోను, దానిని సమకూర్చినవారితోను లెక్క తేల్చుకొనుట ఆ తరువాతి మాట.