నీళ్లు పోయే తొవ్వ

పాత కారుకు అద్దాల రబ్బర్లు మార్పించే వాళ్లందరి కోరికా ఒక్కటే: లోపలికి చుక్క నీరు రాకూడదు. సూరత్ వానల్లో ప్రీమియర్ పద్మిని నడిపే నాదీ అదే కోరిక. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా ముంబై కుర్లాలో మొదలై, 1970ల్లో పద్మిని పేరు పెట్టుకున్న బండి ఇది. ముంబై ట్యాక్సీగా 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. ఇంజను ఓపిగ్గానే ఉంటుంది, ముందు అలిసేది రబ్బరు. గాలిలోని ఓజోన్ సాగి ఉన్న చోటే దాన్ని కొరుకుతుంది. అందుకే పగుళ్లు మూలమలుపుల దగ్గర మొదలవుతాయి.

సూరత్‌లో మన తెలుగు పద్మశాలీలు ఎక్కువగా స్థిరపడ్డ లింబాయత్‌లో, ఒక షెడ్డులో ఈ పని చేయించాను. ముందు అద్దం బిగించడం చూడాల్సిన పని. అద్దం చుట్టూ రబ్బరు తొడిగి, దాని గాడిలో సన్నని నైలాన్ తాడు చుట్టి, రెండు కొసలూ బండి లోపలికి వదులుతారు. సబ్బునీళ్లు రాస్తారు. బయట ఒకరు అరచేత్తో అద్దాన్ని తడుతుంటే లోపల ఒకరు తాడు మెల్లగా లాగుతారు. రబ్బరు పెదవి రేకు అంచు మీదికి అంగుళం అంగుళంగా ఎక్కి కూర్చుంటుంది. ఇక నీటికి అక్కడ సందు లేదు.

తలుపు సంగతి వేరు. ఎక్కుతూ దిగుతూ ఉండే అద్దాన్ని అంతగా బిగిస్తే కదలదు. కాబట్టి అక్కడి రబ్బరు పట్టీ, అంటే బీడింగ్, నీటిని చాలావరకు తుడుస్తుందే కాని పూర్తిగా ఆపదు. మిగిలింది తలుపు లోపలికి జారి, అడుగున ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. మట్టితోనో పెయింటుతోనో అవి పూడిపోతే, పైన రబ్బరు ఎంత కొత్తదైనా తలుపు అడుగు నుంచి తుప్పు పడుతుంది. మేస్త్రీ బీడింగ్ ముట్టుకోకముందే తీగతో ఆ రంధ్రాలు పొడిచాడు. “నీళ్లు రాకుంట ఎట్లుంటయన్నా? వచ్చినయి పోను తొవ్వ ఉండాలె” అన్నాడు.

మనసుకు మనం కోరుకునేది ముందు అద్దం బిగింపే. ఒక మాట పడకూడదు, దిగులు సోకకూడదు. కాని ఇల్లు, స్నేహం, ఉద్యోగం రోజూ తెరిచి మూసే తలుపులు. కదలిక ఉన్నచోట సందు తప్పదు, సందులోంచి ఎంతో కొంత దిగకా తప్పదు. చెరిచేది దిగిన నీరు కాదు, నిలిచిన నీరు.

ఆ నిలవ సంగతి ఈ ఊరికి బాగా తెలుసు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగం మునిగింది. ముందునుంచే కొంచెం కొంచెంగా వదలాల్సిందన్న విమర్శ అప్పుడు గట్టిగా వినిపించింది.

నొచ్చుకోని మనిషిని నేనింతవరకు చూడలేదు. నొచ్చుకున్న రోజే ఆ రెండు మాటలూ అనేసి, మర్నాడు మామూలుగా పలకరించే వాళ్లను మాత్రం కొందరిని ఎరుగుదును. వాళ్లతో పోట్లాడటం కూడా భయమనిపించదు.