సాక్ష్యమా, ద్రోహమా?

కొడుకు గదిలో పరుపు సర్దుతున్న తల్లి చేతికి తుపాకీ తగిలిందనుకోండి. ఆమె ఏం చేయాలి? పోలీసులకు చెబితే బిడ్డ జైలుపాలవుతాడు. చెప్పకపోతే రేపు ఆ తుపాకీ మరో తల్లి బిడ్డను బలితీసుకోవచ్చు. లేదా ఎదుటివాడి తుపాకీకి తన బిడ్డే బలికావచ్చు. ఒకవైపు కన్నప్రేమ, మరోవైపు పరుల ప్రాణం. ఈ రెంటిలో దేనివైపు మొగ్గడం ధర్మం?

ఇది ఊరికే కల్పించిన సమస్య కాదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1994లో పోలీసులు ఇలాంటి ఇళ్ల తలుపులే తట్టారు. పిల్లల దగ్గర తుపాకీ ఉందేమో వెదకడానికి పెద్దల అనుమతి అడిగారు. దొరికిన ఆయుధాన్ని తీసుకుపోతామే తప్ప, అది ఇంట్లో ఉన్నందుకు కేసు పెట్టబోమని కాగితం మీద రాసిచ్చారు. అడిగినవారిలో నూటికి 98 మంది ఒప్పుకున్నారు! ఆ ఒక్క సంవత్సరంలోనే 402 తుపాకులు బయటపడ్డాయి.

తర్వాత పోలీసు నాయకత్వం మారింది. మాట ఇచ్చి అనుమతి అడిగే పద్ధతి పోయి వారంట్లు, అరెస్టులు ముందుకొచ్చాయి. దొరికే తుపాకుల సంఖ్య బాగా పడిపోయింది. తల్లులు తలుపులు తెరిచింది పోలీసుల లాఠీకి భయపడి కాదు, వారి మాటను నమ్మి అన్న సంగతి దీనితో తేలిపోయింది.

రహస్యాలు తవ్వడం వేరు, సాక్ష్యం చెప్పడం వేరు

మనవాడి తప్పును బయటివారికి చెప్పడం ద్రోహమని చాలామంది అనుకుంటారు. ఈ భావన వెనుక కొంత నిజం లేకపోలేదు. ఇతరుల గుట్టు కూపీ లాగడాన్ని దివ్య ఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరాలో వారించింది. పొరుగువాని లోపాలు వెదికి అధికారులకు మోసేవాడు సమాజ సేవకుడు కాడు, సమాజానికి పట్టిన చీడ.

కాని అదే దివ్యగ్రంథం అల్ బఖరా సూరాలో సాక్ష్యాన్ని దాచిపెట్టడాన్ని పాపంగా పేర్కొన్నది. అన్ నిసా సూరాలో మరింత ముందుకు వెళ్లి, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకంగా చెప్పవలసి వచ్చినా సరే న్యాయం పక్షాన నిలబడమన్నది. మరి ఈ రెంటికీ మధ్య హద్దు ఎక్కడ? తప్పు చేసినవానికీ దైవానికీ మధ్యనే ఉండిపోయే లోపాన్ని కప్పిపుచ్చడం మంచితనం. పరుల ప్రాణానికి ముప్పు తెచ్చే విషయాన్ని కప్పిపుచ్చడం ఆ దౌర్జన్యంలో పాలుపంచుకోవడమే.

మహాప్రవక్త (స) ఒకసారి, సోదరుడు దౌర్జన్యపరుడైనా పీడితుడైనా అతనికి తోడ్పడమని ఉపదేశించారు. దౌర్జన్యపరునికి తోడ్పడటం ఎలాగని సహచరులు అడిగారు. అతని చేయి పట్టుకొని దౌర్జన్యం నుండి ఆపడమే అతనికి చేసే సాయమని ఆయన వివరించారు. ఈ ఒక్క మాటతో మన తల్లి సందేహం చాలావరకు తీరుతుంది. తుపాకీని దాచిన తల్లి కొడుకును కాపాడినట్టు కాదు. దాన్ని అతని చేతి నుండి తప్పించిన తల్లే అతణ్ణి కాపాడింది.

బోస్టన్ నేర్పిన పాఠం

అయితే పోలీసులే అన్యాయం చేస్తే? ఈ ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. 1989 అక్టోబరులో బోస్టన్ నగరంలో ఒక తెల్లజాతి వ్యక్తి గర్భవతి అయిన తన భార్యను కాల్చి చంపాడు. కాల్చింది ఒక నల్లజాతివాడని అబద్ధం చెప్పాడు. పోలీసులు నమ్మారు. మిషన్ హిల్ పేటలో నల్లజాతి యువకులను వీధుల్లో ఆపి సోదాలు చేశారు. నిరపరాధులను అనుమానితులుగా లోకం ముందు నిలబెట్టారు. హంతకుని సొంత తమ్మునికి నిజం తెలిసినా రెండు నెలలకు పైగా పెదవి విప్పలేదు. 1990 జనవరిలో అతడు నోరు తెరిచాకే గుట్టు రట్టయింది. నగర మేయరు ఆ నిరపరాధులకు అధికారికంగా క్షమాపణ చెప్పడానికి 2023 డిసెంబరు దాకా పట్టింది.

ఇక్కడ అన్న మీది మమకారంతో సాక్ష్యం దాచడం ఒక తప్పు. ఒంటి రంగు చూసి నేరం అంటగట్టడం ఇంకా పెద్ద తప్పు. ఇలాంటి అనుభవాల తర్వాత ఆ పేటలు పోలీసులను నమ్మలేదంటే ఆశ్చర్యమేముంది? కాని ఆ దూరం వల్ల నష్టపోయిందెవరు? 1990లో బోస్టన్‌లో 152 హత్యలు జరిగాయి. తుపాకులకు బలైనవారిలో ఎందరో ఆ పేటల బిడ్డలే.

1992 మే నెలలో ఒక చర్చిలో హతుడైన యువకుని అంత్యక్రియల ప్రార్థన జరుగుతుండగా, ముఠా కుర్రాళ్లు లోపలికి చొరబడి మరో యువకుణ్ణి అందరి కళ్ల ముందే కత్తితో పొడిచారు. ఆ సంఘటన నల్లజాతి పాస్టర్లను కదిలించింది. ప్రార్థనా స్థలం గోడల మధ్య కూర్చుంటే చాలదని గ్రహించి వారు రాత్రిళ్లు వీధుల్లో తిరిగారు, కుర్రాళ్లతో మాట్లాడారు. 'టెన్ పాయింట్ కొయలిషన్' పేరుతో సంఘటితమయ్యారు. వారిలో కొందరు అంతవరకూ పోలీసులను ఘాటుగా విమర్శించినవారే. ఇప్పుడు పోలీసులతో కలిసి కూర్చున్నారు. అలాగని విమర్శ మానలేదు. నిజంగా ప్రమాదకరమైన కొద్దిమందిని అదుపులోకి తీసుకుంటే అడ్డుపడబోమన్నారు. మిగతా పిల్లలందరినీ నేరస్తులుగా చూస్తే మాత్రం ఊరుకోబోమన్నారు.

హార్వర్డ్ పరిశోధకులు లెక్క తీస్తే ఒక విషయం బయటపడింది. 61 ముఠాల్లోని దాదాపు 1,300 మందే, అంటే నగరంలో ఆ వయసువారిలో నూటికి ఒక్కరు కూడా కానివారే, యువకుల హత్యల్లో కనీసం 60 శాతానికి కారకులు. అంటే పేట మొత్తాన్ని అనుమానించడం అన్యాయమే కాదు, పనికిరాని పని కూడా.

1996 మేలో ముఠా కుర్రాళ్లను కోర్టుకు పిలిపించి ముఖాముఖి మాట్లాడారు. పోలీసులు, ప్రాసిక్యూటర్లు, వీధి కార్యకర్తలు, మతపెద్దలు ఒకే చోట నిలబడ్డారు. కాల్పులు ఆపండి, ఆపకపోతే ముఠా మొత్తం మీద చట్టం దృష్టి పడుతుంది, మారదలచుకుంటే మేం తోడుంటాం అన్నారు. 1999 నాటికి ఏడాది హత్యలు 31కి తగ్గాయి. ఆ రోజుల్లో అమెరికా అంతటా హత్యలు తగ్గుతున్న మాటా నిజమే. అయినా ఈ ప్రయత్నం తర్వాత బోస్టన్‌లో యువకుల హత్యల నెలసరి సగటు 63 శాతం తగ్గిందనీ, ఇతర నగరాల్లో అంతటి తగ్గుదల కనబడలేదనీ పరిశోధకులు తేల్చారు. 2000 ప్రాంతంలో ఈ కలయిక సడలిపోయింది. 2005లో హత్యలు మళ్లీ 70 దాటాయి. స్థైర్యం లేని సత్కార్యం ఫలితం ఇంతే.

ఇరువైపులా అమానత్

తల్లి చెప్పిన మాట పోలీసుల దగ్గర అమానత్. ఇచ్చిన హామీని మీరితే అది విశ్వాసఘాతుకం. పోలీసుల అధికారం కూడా ప్రజలు అప్పగించిన అమానతే. న్యాయం చేయని అధికారికి సహకారం అడిగే హక్కు ఉండదు. అలాగే అధికారి అన్యాయాన్ని సాకుగా చూపి హంతకుణ్ణి దాచే హక్కు మనకూ లేదు.

దైవదౌత్యానికి పూర్వం మక్కాలో అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో ఒక ఒప్పందం జరిగింది. పీడితుడు ఏ తెగవాడైనా సరే అతనికి హక్కు ఇప్పించాలని పెద్దలు ప్రతిన పూనారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. మహాప్రవక్త (స) అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చాక కూడా అలాంటి ఒప్పందానికి పిలిస్తే వెళతానన్నారు. మంచిపనిలో చేయి కలపడానికి ఎదుటివాడు అన్నిటా మనవాడే కానక్కరలేదన్నమాట.

సోదర సోదరీమణులారా! మన దగ్గర తుపాకులు అంత సులువుగా దొరకవు. కాని మన మొహల్లాల్లో కూడా కుర్రాళ్ల జేబుల్లో కత్తులు ఉండవచ్చు. మన కళ్లెదుటే పాత పగలు రగులుకోవచ్చు. అప్పుడు చేయవలసిన పని ముందుగా అతని పక్కన కూర్చోవడం, పెద్దలతో చెప్పించడం. అప్పటికీ వినక ఒకరి ప్రాణం మీదికి వస్తుంటే చట్టానికి తెలియజేయడం. ఆ తర్వాత అతణ్ణి వదిలేయకుండా జైలు దగ్గరికైనా వెళ్లి పలకరించడం. ఇందులో ఏ ఒక్కటి లోపించినా మన ప్రేమ అసంపూర్ణమే.

మమకారానికి లొంగకుండా, ద్వేషానికీ లొంగకుండా న్యాయం మీద నిలిచే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.