గాజుతొట్టిలో పగడం: బాధ్యత ఎవరిది?

దుబాయిలో ఉద్యోగం చేసే మా సూళ్లూరుపేట యువకుడొకరు సెలవుపై ఊరికి వచ్చి, ఒకనాడు అస్ర్ నమాజ్ అనంతరం మస్జిద్ వసారాలో నా దగ్గర కూర్చున్నాడు. ఫోనులో ఒక ఫొటో చూపించాడు. గాజుతొట్టిలో, నీలి వెలుతురులో, లేత ఆకుపచ్చ పూలగుత్తి. "హజ్రత్, ఇది పువ్వు కాదు, పగడం. ప్రాణమున్న జీవి. నా గదిలో పెంచుతున్నాను. ఇంతకు ముందు రెండు చచ్చిపోయాయి. ఇది మూడోది. వాటి గురించి అల్లాహ్ నన్ను అడుగుతాడా?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ పూట నా దగ్గర సమాధానం లేదు. పులికాట్ సరస్సు పక్కన ఉండేవాళ్లం. మనకు రొయ్యలు తెలుసు, చేపలు తెలుసు, చలికాలంలో వచ్చే ఫ్లెమింగోలు తెలుసు. పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి అనుకుంటాం. (గ్రహదోషం పోతుందని ఆ ఉంగరం తొడుక్కునే ముస్లింలూ లేకపోలేదు. ఆ సంగతి మరోసారి మాట్లాడుకుందాం.) వారం రోజులు గడువు అడిగాను.

పగడం రాయి కాదు, మొక్కా కాదు. రహ్మాన్ సూరాలో ముత్యాలతోపాటు ప్రస్తావనకు వచ్చిన 'మర్జాన్' అనే పదానికి చాలామంది వ్యాఖ్యాతలు పగడమనే అర్థం చెప్పారు. కొందరు చిన్న ముత్యాలన్నారు. యూరప్ పండితులు చాలాకాలం దీన్ని సముద్రపు మొక్క అనే అనుకున్నారు. 18వ శతాబ్దంలో పెసనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు, మనం పువ్వులనుకునేవి నిజానికి చిన్న జంతువులని చెబితే తోటి పండితులు నమ్మలేదు. ఆ జంతువులు తమ అడుగున సున్నపురాయి గూడు కట్టుకుంటాయి. వాటి ఒంట్లో కంటికి కనబడని నాచు కాపురముంటుంది. వెలుతురుతో అది ఆహారం వండి పగడానికి పెడుతుంది. నీరు వేడెక్కితే ఆ నాచు బయటికి పోతుంది, పగడం తెల్లబడుతుంది. 2024లో లక్షద్వీప్ పగడాలు ఇలాగే పెద్దఎత్తున తెల్లబడ్డాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు తెలిపారు.

మన యువకుడి దగ్గర ఉన్నది గోనియోపోరా. పెంచేవాళ్లు దాన్ని పూలకుండీ పగడం అంటారు. ఒక్కో పువ్వుకు 24 రేకుల్లాంటి చేతులు. నీటికి ఊగుతుంటే చూపు తిప్పుకోలేం. ఎన్నో ఏళ్లుగా దీనికొక చెడ్డపేరు ఉంది. కొన్న కొత్తలో రోజూ చక్కగా విచ్చుకుంటుంది, కొన్ని నెలలు గడిచాక మెల్లగా ముడుచుకుపోయి చనిపోతుంది. దానికి నాచు పెట్టేది మాత్రమే చాలదు, సన్నని పొడిలాంటి మేత కూడా వేయాలని, నీటిలో మాంగనీసు, ఇనుము వంటివి అతి స్వల్పంగా ఉండాలని పెంచేవాళ్లు అనుభవం మీద తెలుసుకున్నారు. ఇప్పుడు శ్రద్ధగల వాళ్ల దగ్గర ఇది ఏళ్ల తరబడి బతుకుతోంది. అయితే నీరు 25 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, ఉప్పు లీటరుకు 35 గ్రాముల లెక్కన నిలకడగా ఉండాలి, కాల్షియం తగ్గకూడదు.

ఈ వివరాలు చదువుతున్నప్పుడు నన్ను కలవరపెట్టిన విషయం ఒకటుంది. పిల్లికి ఆకలైతే అరుస్తుంది. ఒక ఒంటె తన యజమాని పస్తు పెడుతున్నాడని దైవప్రవక్త (స) ముందు కన్నీరు పెట్టుకున్న సంఘటన హదీసులో ఉంది. ఈ జీవి మాత్రం ఆకలితో క్షీణిస్తూనే పొద్దున్నే విచ్చుకుంటుంది. ఇంటికొచ్చిన అతిథి "మాషాఅల్లాహ్, ఎంత బాగుంది" అంటాడు. యజమాని పొంగిపోతాడు.

ఇక ధర్మం విషయానికొద్దాం. జీవిని ఇంట్లో ఉంచుకోవడమే తప్పు అనడానికి ఆధారం లేదు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ దగ్గర ఒక పిట్ట ఉండేది. దైవప్రవక్త (స) దాన్ని వద్దనలేదు. అది చనిపోయినప్పుడు ఆ పిల్లవాణ్ణి ఆప్యాయంగా పలకరించారు. పండితులు ఈ హదీసు నుంచే, సరిగా చూసుకునే షరతు మీద, పంజరంలో పిట్టను పెంచుకోవచ్చన్నారు. మరోపక్క పిల్లిని కట్టేసి, తాను మేత పెట్టక, అది వెతుక్కు తినడానికి వదలక చంపిన స్త్రీకి నరకశిక్ష పడిందన్న హదీసు మనందరికీ తెలుసు. ఆమె మీద పడిన నేరంలో రెండు సగాలున్నాయి. పగడం విషయంలో రెండో సగం ముందే తేలిపోయింది. దాన్ని వదిలేయడానికి చోటు లేదు. తొట్టిలో పెరిగినదాన్ని ఏదో ఒక సముద్రంలో పడేస్తే రోగాలు, పరాయి జీవులు అక్కడికి చేరతాయి. కాబట్టి కొన్న రోజునుంచి దాని పోషణ మొత్తం కొన్నవాడి మెడకే చుట్టుకుంటుంది.

మా మద్రసా విద్యార్థి ఒకడు అడ్డు తగిలాడు. "ఉస్తాద్, తడి కాలేయమున్న ప్రతి జీవి పట్లా దయకు పుణ్యముందని హదీసు. పగడానికి కాలేయమే లేదు కదా?" తెలివైన ప్రశ్నే. కాలేయం మాత్రమే కాదు, దానికి మెదడు కూడా లేదు. నరాల వల మాత్రం ఉంది, ముట్టుకుంటే ముడుచుకుంటుంది. కానీ అరబ్బుల వాడుకలో ఆ మాటకు అర్థం ప్రాణమున్నదని. మనలాగే నొప్పి పడుతుందా లేదా అన్నది మన చేతిలో తేలేది కాదు. తేలనప్పుడు లేదనుకోవడం మనకు లాభసాటి పక్షం. నా మనసు దానికి ఒప్పుకోలేదు.

హనఫీ ఫిఖ్హ్‌లో ఒక ముఖ్యమైన మాట ఉంది. పశువును పస్తు పెట్టేవాణ్ణి ఖాజీ బలవంతం చేయలేడు, అది అతనికీ అల్లాహ్‌కూ మధ్య విషయమని హిదాయాలో ఉంది. కారణం, పశువు దావా వేయగల హక్కుదారు కాదు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) నుంచి మాత్రం, బలవంతం చేయవచ్చన్న అభిప్రాయం కూడా వచ్చింది. మొదటి అభిప్రాయం విని తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాళ్లున్నారు. నాకైతే అదే ఎక్కువ భయం కలిగిస్తుంది. ఖాజీ దగ్గర సాక్షులు కావాలి, వాయిదాలుంటాయి. అల్లాహ్ దగ్గర అవేవీ ఉండవు.

వారం తర్వాత అతను వచ్చాడు. మొదటిది తెలియక చనిపోయింది, దానికి తౌబా చాలునని చెప్పాను. రెండోదానికి నువ్వు తెలుసుకోగలిగి కూడా తెలుసుకోలేదు, అక్కడ లెక్క మారుతుందన్నాను. "మరి ఇప్పుడు తొట్టిని ఎవరు చూస్తున్నారు?" అని అడిగాను. గదిలో ఉండే స్నేహితుడట. వెంటనే ఫోన్ చేయమన్నాను. పాపం ఆ స్నేహితుడు మంచివాడే. ఆవిరైన నీటికి బదులు పదకొండు రోజులుగా తప్పకుండా ఉప్పునీరు పోస్తున్నానని చెప్పాడు. మన యువకుడి ముఖం పాలిపోయింది. నీరు ఆవిరవుతుంది గాని ఉప్పు కాదు. పోయాల్సింది మంచినీరు. ఆ మాట చెప్పకుండా వచ్చింది ఇతనే.

రంగుచేపల కోసం చెన్నై కొళత్తూరు దాకా వెళ్లే మన ఊరి పిల్లలకు ఇంకో మాట. మన దేశంలో ఇది ధర్మసందేహం దాకా కూడా రాదు. దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచో అండమాన్ నుంచో తెచ్చిన ముక్కను కొనడం నేరం. ఎవరైనా అమ్మజూపితే వద్దనాలి.

"ఇది కూడా పోతే నాలుగోది కొనవచ్చా హజ్రత్?" అని అడిగాడు. చేతకాదని తెలిసీ తెచ్చుకోవడానికి అనుమతి ఇవ్వలేనన్నాను. అతనికి కష్టంగానే తోచింది. వాళ్ల అమ్మీ మాత్రం, ఆ దీపాలకు, ఉప్పుకు అయ్యే ఖర్చు ఇప్పుడే తెలిసిందేమో, నా వైపు చూసి తల ఊపింది.

దుబాయికి తిరిగి వెళ్లాక అతనొక సందేశం పంపాడు. పగడం సగం ఎండిపోయినా ప్రాణంతోనే ఉందట. షార్జాలో ఇదే రకాన్ని చాలా ఏళ్లుగా పెంచుతున్న పెద్దమనిషికి ఇచ్చేశాడట. ఇతని తొట్టిలో ఇప్పుడు రాళ్లు, నీళ్లు, రెండు చిన్న చేపలు ఉన్నాయి. రోజూ ఇషా తర్వాత ఉప్పు కొలిచి ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాడు.