తాడు పట్టేవాడు

నందికొట్కూరు నుంచి శ్రీశైలం పోవడానికి ఇప్పుడు కాళ్ళతో పనిలేదు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా బస్సెక్కితే పూట తిరిగేలోపు గుడి ముందు దిగొచ్చు. అయినా శివరాత్రి వచ్చిందంటే వేలమంది ఆత్మకూరు దగ్గర వెంకటాపురంలో రోడ్డు వదిలేసి అడవిలోకి నడుస్తారు. నాగలూటి వీరభద్రుడికి మొక్కి, పెచ్చెరువు చేరి, మఠంబావి దాటి, భీముని కొలను లోయలోకి దిగి, మళ్ళీ కైలాసద్వారం దాకా ఎక్కుతారు. అంతా కలిపి నలభై కిలోమీటర్ల పైమాటే. శ్రీశైలానికి మెట్లు కట్టించిన పేరు 14వ శతాబ్దంలో కొండవీటి ప్రోలయ వేమారెడ్డికి దక్కింది. నడక మాత్రం అంతకన్నా పాతదే అయి ఉంటుంది.

ఈ దారి నడుమ పెచ్చెరువు. ఒక చెరువు, ఒక చిన్న చెంచు గూడెం, చుట్టూ నల్లమల. యాత్ర రోజుల్లో ఆ పేరు అందరి నోటా ఉంటుంది. "పెచ్చెరువు చేరినారా?", "పెచ్చెరువులో పడుకొని తెల్లారి లేద్దాంలే" అనుకుంటారు. జాతర అయ్యాక ఏడాదంతా ఆ పేరు ఎవరికీ గుర్తు రాదు. నడిచేవాడికి అది సగం దారి, అక్కడ పుట్టినవాడికి మాత్రం అదే ఊరు. మన బతుకుల్లో కూడా మనం సగం దారి అనుకొని దాటేసే చోట్లలో ఎవరెవరో కాపురాలు చేస్తూనే ఉంటారు.

అడవిలో ఉన్నవాళ్ళు సుఖంగా ఉన్నారని రాయడం తేలిక. రాసి బస్సెక్కి ఇంటికి రావడం ఇంకా తేలిక. చెంచులను బాగా వెనకబడిన ఆదిమ తెగగా ప్రభుత్వం 1975 నాడే గుర్తించింది. రక్తహీనత, సారా, ఆసుపత్రికి ఉన్న దూరం, ఇవన్నీ ఆ గూడేల్లో నిజాలు. 1983లో ఈ అడవి పులుల సంరక్షణ పథకం కిందికి వచ్చినప్పటి నుంచి కట్టెపుల్లకైనా ఎవరో ఒకరి అనుమతి అడగాల్సిన పరిస్థితి. 2006 అటవీ హక్కుల చట్టం కొంత మేలు చేసింది గానీ, కాగితం మీది హక్కు గూడెం దాకా నడిచి రావడానికి మన యాత్రికులకన్నా ఎక్కువ రోజులే పడుతుంది. కాబట్టి ఆ పేదరికానికి దండ వేసి, తక్కువలో బతకడమే గొప్ప అని చెప్పే పని నేను పెట్టుకోను. నన్ను పట్టుకున్నది వేరే సంగతి, తేనె తీసే తాడు.

కొండ తేనెటీగలు మనిషి కాలు మోపలేని చరియలకు పట్టు పెడతాయి. దాన్ని తీయాలంటే చరియ పైనుంచి తాడు వేసి, దాని మీద ఒకడు కిందికి దిగాలి. పైన ఒకడు తాడు కనిపెట్టుకొని ఉండాలి. కింద లోయ, చుట్టూ పొగ, ముసురుకునే ఈగలు. ఆ పైన ఉండేవాడు ఎవరు? చెంచుల్లో ఆ పని అన్నకో తమ్ముడికో అప్పజెప్పరట. బామ్మర్దికి అప్పజెప్తారట. బావ పడిపోతే ముండమోసేది తన అక్కో చెల్లెలో కాబట్టి వాడు తాడు వదలడు.

ఈ ఏర్పాటు వెనుక ఎంత చూసిన అనుభవం ఉందో! అన్నదమ్ముల ప్రేమను ఇది తక్కువ చేయడం లేదు. మంచితనం మీద భారం వేయకుండా, తాడు వదిలితే తనకూ నష్టమయ్యేవాణ్ణి వెతికి అక్కడ నిలబెట్టింది, అంతే. బావ బతుకు కోరేవాడు బామ్మర్ది అని మనమూ అంటాం. అని ఊరుకుంటాం. వాళ్ళు ఆ మాటకు ప్రాణం కట్టి చరియలోకి వేలాడదీశారు.

1940 ప్రాంతంలో చెంచుల మధ్య ఉండి, 1943లో వాళ్ళ మీద పుస్తకం అచ్చేసిన హైమెండార్ఫ్ వాళ్ళ నివాసాల గురించి కూడా రాశాడు. మగవాడికి పుట్టిన చోటే కాదు, భార్య పుట్టింటివాళ్ళ చోటులోనూ గుడిసె వేసుకునే చనువు ఉండేదట. ఇల్లరికం అంటే మన దగ్గర వినబడే ఎత్తిపొడుపు అక్కడ లేదన్నమాట. పెళ్ళితో కలిసినవాళ్ళు చుట్టపు చూపుకు మాత్రమే కాదు, గడ్డలు తవ్వుకునే నేలకు, ఇప్పపువ్వు ఏరుకునే చెట్టుకు కూడా అయినవాళ్ళే.

ఈ వియ్యం దేవుళ్ళ దాకా పోయింది. శ్రీశైలం మల్లికార్జునుడు వాళ్ళకు చెంచు మల్లయ్య, ఇంటి అల్లుడు. అహోబిలం నరసింహుడు చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి బావ. సంక్రాంతి తర్వాత పారువేట పేరుతో ఆ స్వామి పల్లకి ఎక్కి నెలకు పైగా ఊరూరా తిరుగుతాడు, తన పెళ్ళికి రమ్మని తానే పిలవడానికి. ఉగాదికి నడిచొచ్చే కన్నడ భక్తులకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు, ఆమెకు పసుపు కుంకుమ, చీర తెస్తారు. అదే ఉగాదికి దేవుని కడపలో ముస్లింలు వెంకటేశ్వరుణ్ణి బీబీ నాంచారమ్మ మొగుడిగా, తమ అల్లుడిగా చూసుకుంటారు. వాన నమ్మకం లేని ఈ సీమలో దేవుణ్ణి యజమానిగా కన్నా వియ్యపు చుట్టంగా ఉంచుకున్నవాళ్ళే ఎక్కువేమో అనిపిస్తుంది. యజమానిని అడుక్కోవాలి. అల్లుణ్ణైతే నిలదీయొచ్చు, అలగొచ్చు, ఇంత తిండి పెట్టి తిట్టొచ్చు.

మా నందికొట్కూరు చుట్టుపక్కల ఆ తాడు జామీను సంతకం రూపంలో కనబడుతుంది. కేసీ కాలువ నీళ్ళు అందినచోట ఒక తీరు, అందని మెట్టన ఇంకో తీరు, కానీ అప్పు లేని సేద్యం రెండు చోట్లా అరుదే. కాగితం కింద రెండో సంతకం ఎవరు పెడతారన్నప్పుడు గట్టు తగాదా ఉన్న అన్న ఆ పూట ఊళ్ళో ఉండడు. బామ్మర్ది గొణుక్కుంటూనే వచ్చి సంతకం పెట్టి, టీ తాగి, అక్కను పలకరించి పోతాడు. ఎంత ఆస్తి ఉంది, ఎంత దిగుబడి వచ్చింది అని లెక్కలు వేసుకుంటాం గానీ, మన కాగితం మీద రెండో సంతకం పెట్టేవాళ్ళు ఎందరున్నారన్న లెక్క వేయం. అంతకన్నా ఇబ్బందికరమైన లెక్క ఇంకొకటుంది. ఎవరు కూలితే మన ఇంట్లో కూడా పొయ్యి వెలగదు? అలాంటివాళ్ళను ఒక్కొక్కరినే తగ్గించుకుంటూ పోవడాన్ని మనం ఎదగడం అంటున్నాం. ఎవరి బాకీలూ లేవు, ఎవరి గొడవా వద్దు. నిజమే, కానీ చరియలోకి దిగాల్సిన రోజు వస్తే ఆ ప్రశాంతత తాడు పట్టదు.

పెచ్చెరువు సంగతికొస్తే, ఆ గూడెం తాడు ఎవరి చేతిలో ఉంది? దాని గుండా ఏటా నడిచే వేలమందిలో ఎక్కువమంది మల్లన్నను మా ఇంటి దేవుడంటారు. మల్లన్న అల్లుడైతే గూడెంవాళ్ళు ఆయన అత్తింటివాళ్ళు, అంటే మనకూ వరసైనవాళ్ళే కావాలి. కానీ మన చుట్టరికం నేరుగా లింగంతోనే. దారిలో ఆయన బామ్మర్దులు కనబడితే నీళ్ళెక్కడని అడిగి, ఖాళీ సీసా అక్కడే పారేసి ముందుకు పోతాం.

పులులుండే నడి అడవి వదిలి తమంతట తాము బయటికి వచ్చే కుటుంబానికి పరిహారం 2021లో పది లక్షల నుంచి పదిహేను లక్షలైంది. రోడ్డు పక్కన ఇల్లు, దగ్గర్లో బడి, ఆసుపత్రి కావాలనుకునే చెంచు తల్లిని తప్పుపట్టే హక్కు నాకు లేదు. లెక్క కుటుంబానికింత అని కట్టారు, అదీ అర్థమవుతుంది. బావ కుటుంబానికి ఒక కాలనీలో, బామ్మర్ది కుటుంబానికి ఇంకో కాలనీలో ఇళ్ళు పడితే ఏమవుతుందన్నది మాత్రం ఆ లెక్కలో ఎక్కడా రాదు. ఆ పత్రాలు తయారుచేసే బల్ల దగ్గర ఆ ఒక్క ప్రశ్న అడిగేవాడు గూడెం తరపున ఉండాలి. వాళ్ళతో వియ్యం ఉందని చెప్పుకునే మనలో ఒకడైనా సరే.